కొవ్వు ఎటు పోతోంది? డెల్టా నూనె భయం వెనకున్న కథ

జంతువుల కొవ్వు మరిగించి నూనె తీస్తున్నారన్న వార్త అడపాదడపా పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. ఊరి చివర రేకుల షెడ్డు, కట్టెల పొయ్యి మీద మసిబారిన డ్రమ్ము, గోడవార 15 కిలోల డబ్బాలు, ముక్కుకు రుమాలు కట్టుకున్న అధికారులు. రెండ్రోజులు చుట్టుపక్కల అంతా అదే టెన్షన్. బజ్జీల బండి దగ్గర జనం పలచబడతారు, లూజు నూనె కొనేవాళ్ళు ప్యాకెట్టు అడుగుతారు. తర్వాత అందరూ మర్చిపోతారు. షెడ్డు మూతపడుతుంది గానీ, ఆ షెడ్డుకు వచ్చిన కొవ్వు మర్నాడు కూడా ఎక్కడో ఒకచోట పోగవుతుంది. అది ఎటు పోతుందన్న సంగతి మాత్రం ఎవరూ అడగరు. గోదావరి డెల్టాలో ఈ గొడవ అర్థం కావాలంటే ముందు అడగాల్సింది అదే.

కొవ్వు కరిగించడం నేరం కాదు, కొత్త పనీ కాదు. తోలు మెత్తబడటానికీ, దీపానికీ, సబ్బుకూ, మందుకూ మనుషులు వేల ఏళ్ళుగా చేస్తున్నదే. మేక మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి తెల్ల కొవ్వును శెనగగింజంత ముక్కలు చేసి, అడుగంటకుండా కాసిని నీళ్ళు పోసి సన్నసెగ మీద పెడితే ముందు పాలలా తెల్లబారుతుంది. నీరు ఇగిరేకొద్దీ చిటపటలు సన్నగిల్లుతాయి. చప్పుడు ఆగిందంటే తడి పోయిందన్నమాట. అప్పుడు కొవ్వు లేత గడ్డిరంగులో తేటపడుతుంది, ముక్కలు గోధుమరంగు పిప్పిగా మిగులుతాయి. వెన్న కాచి నెయ్యి తీసే ఇంట్లో ఈ వరస ఎవరికీ కొత్తగా అనిపించదు. వడగట్టి చల్లారిస్తే మళ్ళీ తెల్లగా పేరుకుంటుంది.

ఫ్యాక్టరీల్లో ఇదే పని మూతపెట్టిన కుక్కర్లలో, చుట్టూ ఆవిరి తిప్పి, సుమారు 115 నుంచి 140 డిగ్రీల వేడిలో జరుగుతుంది. పిప్పిని యంత్రంలో పిండితే మిగిలిన కొవ్వు కూడా వచ్చేస్తుంది. ఎండిన పిప్పి దాణాకో ఎరువుకో పోతుంది. లోపలి నుంచి వచ్చే ఆవిరిని చల్లార్చి, శుద్ధి చేసి వదలాలి. ఊరి చివరి షెడ్డుకూ సక్రమంగా నడిచే ప్లాంటుకూ మొదటి తేడా ఇక్కడే తెలుస్తుంది. షెడ్డు వాసన మైలు దూరం కొడుతుంది.

రెండో తేడా సరుకులో ఉంది. కొవ్వు కోసిన గంట నుంచే చెడటం మొదలవుతుంది. అందులోని ఎంజైములు, బయటి నుంచి చేరే సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలుగా మారుస్తాయి. వెంటనే కరిగించిన మంచి కొవ్వులో ఇవి 1 శాతం లోపే ఉంటాయి. సంచుల్లో కట్టి ఎండలో రెండ్రోజులు పడేసిన వ్యర్థంలో ఎన్నో రెట్లు పెరుగుతాయి. శుద్ధిలో ముందుగా చేసేది ఈ ఆమ్లాల్ని తొలగించడమే. కాస్టిక్ సోడా నీళ్ళు కలిపితే అవి సబ్బుగా మారి అడుగున మడ్డి కడతాయి. దాన్ని తీసేసి వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రంగు పీల్చే బంకమట్టి కలిపి వడగడతారు. చివరగా గాలి తీసేసిన పాత్రలో 200 డిగ్రీల పైన వేడిచేసి, కింది నుంచి ఆవిరి పంపుతారు. వాసన ఆ ఆవిరితో లేచిపోతుంది.

ఇన్ని దశలూ దాటాక చేతికొచ్చే కొవ్వుకు పులుపు ఉండదు, రంగు ఉండదు, వాసన ఉండదు. చూసి గానీ ముక్కు దగ్గర పెట్టి గానీ అది దేని కొవ్వో చెప్పలేం. ఈ భయానికంతటికీ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. గానుగ రోజుల్లో కొనేవాడి ముక్కే పరీక్షాలయం. నువ్వుల నూనెకు ఒక వాసన, కొబ్బరి నూనెకు ఒకటి, ఆముదానికి ఒకటి. రిఫైనింగ్ వచ్చాక ఆ అధికారం కొనేవాడి చేతి నుంచి జారిపోయింది.

ఆ జారడం ఒక్కరోజులో జరిగింది కాదు. కొవ్వంటే గ్లిసరిన్‌తో ముడిపడిన ఆమ్లాలని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రెల్ 19వ శతాబ్దం మొదట్లో తేల్చాడు. 1869లో మేజ్ మూరియే అనే మరో ఫ్రెంచివాడు పశువుల కొవ్వును మెల్లగా కరిగించి, గట్టిభాగాన్ని వేరుచేసి, మెత్తటి భాగాన్ని పాలతో చిలికి వెన్నలాంటి పదార్థం చేశాడు. మార్గరీన్ అదే. సైనికులకూ పేదలకూ చవక వెన్న కావాలని మూడో నెపోలియన్ ప్రభుత్వం అడిగితే పుట్టింది. ఆ శతాబ్దం చివర్లో అమెరికాలో డేవిడ్ వెస్సన్ పత్తిగింజల నూనె ఘాటును వాక్యూమ్‌లో ఆవిరితో పోగొట్టే పద్ధతిని నిలబెట్టాడు. 1902లో జర్మనీలో విల్హెల్మ్ నార్మన్ ద్రవనూనెను హైడ్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో దారి రెండువైపులా తెరుచుకుంది. కొవ్వును నూనెలా చేయొచ్చు, నూనెను కొవ్వులా చేయొచ్చు.

మన దేశంలో దీని దెబ్బ ముందు నెయ్యి మీద పడింది. 1917లో కలకత్తాలో నెయ్యిలో జంతువుల కొవ్వు కలుపుతున్నారని పెద్ద అలజడి రేగి, బెంగాల్ ప్రభుత్వం ఆ ఏడాదే హడావుడిగా చట్టం చేయాల్సి వచ్చింది. మరుసటేడు, 1918లో, మద్రాసు ప్రెసిడెన్సీలో కల్తీ నిరోధక చట్టం వచ్చింది. అప్పట్లో మన గోదావరి ప్రాంతం ఆ ప్రెసిడెన్సీలోనిదే. దేశమంతటికీ ఒకే చట్టం రావడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా 1937లో, నూనెను హైడ్రోజన్‌తో గడ్డకట్టించి చేసిన వనస్పతి, డాల్డా పేరుతో వచ్చింది. వనస్పతి ఇంటింటి మాటైపోయింది, పెళ్ళివంటల్లో నెయ్యి పక్కన డబ్బా చేరింది. నెయ్యిలో వనస్పతి కలిపితే పట్టుకోవడానికి ప్రభుత్వం మంచి ఉపాయమే చేసింది. ప్రతి వనస్పతిలోనూ 5 శాతం నువ్వుల నూనె కలిపి తీరాలంది. అనుమానం ఉన్న నెయ్యిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ వేసి కుదిపితే నువ్వుల నూనె ఉన్నచోట గులాబీరంగు తేలుతుంది. బోడోయిన్ పరీక్ష అంటారు దీన్ని. కానీ ఈ కాపలా నెయ్యికి మాత్రమే. వనస్పతిలోనే పశువుల కొవ్వు కలిస్తే ఈ రంగు ఏమీ చెప్పదు. 1983లో సరిగ్గా అదే జరిగింది. దిగుమతైన పశువుల కొవ్వు వనస్పతిలో కలుస్తోందని బయటపడి దేశం అట్టుడికింది, కొవ్వు దిగుమతుల మీద నిషేధం పడింది.

అప్పటిదాకా ఆ దిగుమతి కొవ్వుతో సబ్బు చేసిన కంపెనీలు వేరే దారి వెతుక్కోక తప్పలేదు. పామాయిల్, తవుడు నూనె లాంటివి ఆ ఖాళీలోకి వచ్చాయి. డెల్టా బియ్యం మిల్లుల తవుడుకు సబ్బు బజారు కూడా ఒక దారైంది. రిఫైనింగ్ బాగుపడ్డాక అదే తవుడు నూనె వంటింటికి చేరింది. ఇక్కడ రిఫైనింగ్ చేసిన మేలు గురించి కూడా చెప్పాలి. ఆ పరిజ్ఞానమే లేకపోతే తవుడు నూనె తినడానికి పనికొచ్చేది కాదు. ఇప్పుడు కాకినాడ రేవు పక్కన పామాయిల్ రిఫైనరీలు నడుస్తున్నదీ దాని వల్లే.

ఇక మన నేల దగ్గరికి వద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు డెల్టాకు అన్నం పెట్టాయి. తాగే నీళ్ళు కూడా చాలా ఊళ్ళకు ఆ కాలువల నుంచి నింపుకునే చెరువుల్లోవే. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే ఆ చెరువే గతి. ఈ భూమిలో గొయ్యి తీస్తే నాలుగడుగులకే నీరు ఊరుతుంది. కోళ్ళ వ్యర్థాన్ని పూడ్చడం మెరక ప్రాంతంలో ఉన్నంత తేలిక కాదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు, చచ్చిన కోళ్ళను ఎక్కడ, ఎంత లోతున పూడుస్తున్నారన్నది ఊరి నీళ్ళ సమస్య కూడా అయింది.

బతికున్న కోడి తూకంలో సుమారు పావు నుంచి మూడో వంతు దాకా ఈకలు, పేగులు, తల, కాళ్ళు, తోలు, కొవ్వు కింద పోతుంది. ఒకప్పుడు ఆదివారం ఊరికి ఒక కొట్టు ఉండేది. ఇప్పుడు సెంటర్‌కు నాలుగు చికెన్ షాపులు, రోజూ బేరమే. సాయంత్రం షట్టరు దించేసరికి వెనకాల నీలిరంగు డ్రమ్ములు నిండి ఉంటాయి. కొంత మున్సిపాలిటీ బండి ఎక్కుతుంది, కొంత కాలువ గట్టుకు చేరుతుంది. చాలాభాగాన్ని కాంట్రాక్టు మనిషి వచ్చి ఎత్తుకెళ్తాడు. ఆ బండి చాలాసార్లు చేపల చెరువుకు పోతుంది. క్యాట్‌ఫిష్‌కు మేతగా కోళ్ళ వ్యర్థం వేయడం డెల్టాలో, కొల్లేరు చుట్టుపక్కల ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లోనే నిషేధించినా చాటుగా సాగింది. చెరువు దారిలో పట్టుబడే భయం ఉన్నప్పుడు కరిగించే షెడ్డు దారి తెరుచుకుంటుంది. ఒకదాని మీద దాడి చేస్తే సరుకు రెండోదానికి మళ్ళుతుంది. షెడ్డు ఎక్కడుందో వెతికే ముందు డ్రమ్ము ఎక్కడ బయల్దేరిందో రాసి పెట్టాలని నేను అనేది ఇందుకే.

వంటనూనెలో కలపడానికి కోడి కొవ్వే ఎందుకు వీలవుతుందంటే దానికీ కారణం ఉంది. పశువుల కొవ్వు 40 నుంచి 50 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి చల్లారగానే గడ్డకట్టి గుట్టు బయటపెడుతుంది. కోడి కొవ్వు అంతకంటే బాగా తక్కువ వేడికే మెత్తబడుతుంది. మన మే నెలలో డబ్బాలో పోసి ఉంచితే నూనెలానే ఉంటుంది, పామాయిల్‌లో కలిస్తే కంటికి తేడా తెలియదు.

ల్యాబుకు మాత్రం తెలుస్తుంది. మొక్కల నూనెలో కొలెస్ట్రాల్ లేనట్టే లెక్క, దానికి బదులు బీటా సైటోస్టెరాల్ లాంటి మొక్కల స్టెరాల్స్, అంటే కొలెస్ట్రాల్ జాతి పదార్థాలు, ఉంటాయి. నూనెలో కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత కనిపిస్తే జంతువు చేరిందని అర్థం. ఎంత రిఫైన్ చేసినా ఈ ఆనవాలు పూర్తిగా పోదు. నెయ్యి దగ్గర వ్యవహారం ఇంత సులువు కాదు, ఎందుకంటే నెయ్యి కూడా జంతువు కొవ్వే. పాలకొవ్వులో ఉండే బ్యుటిరిక్ ఆమ్లం లాంటి వాటిని కొలిచే రైషర్ట్ మైసల్ విలువ ఒకటి ఉంది. ట్రైగ్లిజరైడ్ల వరస చూసి లెక్కగట్టే ఎస్ విలువలు ఉన్నాయి. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి వివాదంలో జనం నోట్లో నానిన మాట ఈ ఎస్ విలువే. ఆవు తిన్న మేతలో నూనెలు ఎక్కువైనా, అది తిండి చాలక బక్కచిక్కినా ఈ విలువలు పక్కకు జరిగే అవకాశం ఉందని ఆ పరీక్షా ప్రమాణమే చెబుతుంది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 4న ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఒక్క అంకె పట్టుకుని తీర్పు చెప్పేయకూడదన్నది మాత్రం అందరికీ పనికొచ్చే జాగ్రత్త.

తినే కొవ్వుగా మేక, గొర్రె, పంది, పశువుల కొవ్వుకు మన ఆహార భద్రతా నిబంధనల్లోనే ప్రమాణాలు ఉన్నాయి. అది తినే వాళ్ళు తినొచ్చు. కొనేవాడికి చెప్పకుండా కలపడమే నేరం. ఒకరు వ్రతంలో ఉంటారు, ఒకరికి పంది నిషిద్ధం, ఒకరికి గొడ్డు నిషిద్ధం, ఒకరు అసలు మాంసమే ముట్టరు. వీళ్ళందరికీ ఒకే డబ్బాతో ద్రోహం జరుగుతుంది. ఇలాంటి వార్త రాగానే మాంసం కొట్టు నడిపే కుటుంబాల వైపు, ఒక కులం వైపు, ఒక మతం వైపు వేళ్ళు లేవడం చూస్తుంటే బాధేస్తుంది. తరాలుగా ఆ పని చేస్తున్నవాళ్ళు పగలే, అందరి ముందే చేశారు. పేరు మార్చి డబ్బాలకెత్తేది వేరేవాళ్ళు.

కొవ్వుకు సక్రమమైన దారి లేక కాదు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం బయోడీజిల్ ముడిసరుకుల్లో వాడేసిన వంటనూనెతో పాటు జంతువుల కొవ్వును కూడా చేర్చింది. మన కాకినాడలోనే 2008 నుంచి ఒక పెద్ద బయోడీజిల్ ఫ్యాక్టరీ ఉంది. ఆమ్లం ఎక్కువున్న కొవ్వు కూడా ముందు కొంత శుద్ధి చేస్తే ఇంధనానికి పనికొస్తుంది. అంటే తిండికి ఏమాత్రం పనికిరాని సరుకు ఇంజనుకు పనికొస్తుంది. కావలసింది మధ్యలో లింకు. చికెన్ షాపు నుంచి అదే సాయంత్రం ఎత్తే మూతబండి, తూకం రాసే చీటీ, ఊరికి దూరంగా మూత కుక్కర్లతో నడిచే ఒక ప్లాంటు. మున్సిపాలిటీ కాంట్రాక్టు పత్రంలో ఎత్తే బాధ్యతతో పాటు ఎక్కడ దించాడో చూపే బాధ్యత కూడా రాయించాలి.

కొనేవాళ్ళ చేతిలో ఉన్నవి కూడా చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప వంటనూనె లూజుగా అమ్మకూడదు. ప్యాకెట్టు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. 2006 ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా, అమ్మినవాడికి ఆ సంగతి చెప్పి, రుసుము కట్టి నూనెను ఫుడ్ ఎనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. నమూనా అందిన 14 రోజుల్లో రిపోర్టు రావాలి. కల్తీ తేలితే కట్టిన రుసుము వెనక్కిస్తారు. హోటళ్ళ సంఘమో, అపార్ట్‌మెంటు కమిటీయో, గుడి అన్నదానం చూసే పెద్దలో కలిసి ఏడాదికి రెండుసార్లు ఈ పని చేయించినా, వాళ్ళ వంటగదికి వచ్చే నూనె గురించి ఊళ్ళో పుకారు మీద ఆధారపడక్కర్లేదు.