ఫోన్‌లో బాగానే ఉందండీ: ఆల్బమ్ కవర్ మీది పేర్లు, అపోహలు - వాస్తవాలు

"ఫోన్‌లో కరెక్టుగానే ఉందండీ, మీ దగ్గరే ఇలా మారింది." ఆల్బమ్ కవర్ల పనిలో ఈ మాట వినని నెల లేదు. అలా అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల ఫోన్‌లో నిజంగానే బాగుంటుంది. నా చేతిలో పాడైన కవర్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క అపోహ వల్లే, అందుకే ముందు దీని సంగతి.

అపోహ: పేరు తప్పుల్లేకుండా టైప్ చేసి పంపితే కవర్ మీద కూడా అలాగే పడుతుంది.

వాస్తవం: మీరు పంపేది అక్షరాల బొమ్మ కాదు, కోడ్‌ల వరుస. "సంధ్య" అని పంపితే వచ్చేవి స, సున్న, ధ, పొల్లు, య. వీటిని కలిపి ధకు య వత్తు తగిలించాల్సింది ఇవతలి సాఫ్ట్‌వేర్, ఫాంటు. ఫోన్‌లో అది దానంతటదే జరిగిపోతుంది. ఫోటోషాప్‌లో టైప్ సెట్టింగ్ మన భాషలకు తగ్గట్టు మార్చకపోతే "సంధ్‌య" అని విడగొట్టి పడేస్తుంది. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లయితే యూనికోడే (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే ఉమ్మడి కోడ్) కావు. మీ మెసేజ్ అందులో నేరుగా పేస్ట్ చేస్తే పనికిరాదు, కన్వర్టర్‌లో వేయాలి, లేదా మళ్లీ టైప్ చేయాలి.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది. "రాజ్‌కుమార్"లో జ్ తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, జకు క వత్తు పడకుండా ఆపేది అదే. కాపీ పేస్టుల్లో అది జారిపోతే పేరు "రాజ్కుమార్" అయిపోతుంది.

"కర్వ్స్ చేసేశాం, ఇంక ఏమీ కాదు" అనే భరోసా కూడా వినకండి. కర్వ్స్ చేయడమంటే అక్షరాలను గీతల బొమ్మగా మార్చేయడం. అలా చేస్తే అక్షరం ఎలా ఉంటే అలా ఉండిపోతుంది. తప్పుగా ఉంటే ఆ తప్పే ఉండిపోతుంది.

ఒకావిడ చనిపోయిన వాళ్లమ్మ ఫోటోలతో ఆల్బమ్ చేయించుకున్నారు. డబ్బా విప్పి, ముందు పేరు మీద వేలు పెట్టి నిమిరారు. ఆ వేలు పొల్లు దగ్గర ఆగిపోయింది. మెసేజ్ పదిసార్లు చూసుకునే పంపానన్నారు, నిజమే. ప్రూఫ్ (అచ్చు వేయకముందు చూపించే నమూనా) పంపనిది నేను. పేరు అచ్చు వేసే ఫాయిల్ (మెరిసే పల్చటి రేకు) వేడితో, ఒత్తిడితో అట్టలోకి దిగుతుంది; చెరిపి దిద్దే వీలుండదు. కవర్ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రూఫ్ ఓకే కాకుండా ఒక్క డై (పేరు చెక్కిన అచ్చు దిమ్మ) కూడా చేయించలేదు.

కాబట్టి ప్రూఫ్‌ను మెసేజ్‌లా కాదు, బొమ్మగానో పీడీఎఫ్‌గానో అడగండి. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి చూడండి. ఆ పేరు తెలియని మనిషితో చదివించండి. తెలిసినవాళ్లు వత్తు ఎగిరిపోయినా సరిగ్గానే చదివేస్తారు, కన్ను పూరించుకుంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సన్నని వంపుల ఫాంట్ స్క్రీన్ మీద అందంగా ఉంటుంది. గరుకు రెక్సిన్ మీద ఆ గీతలు తెగిపోతాయి. "నాథ్"లో థ లోపలి చుక్క ఎగిరిపోతే చూసేవాళ్లకు అది "నాధ్". ఇంగ్లిష్ పేరుకు సరిపోయిన సైజు తెలుగుకు చాలదు, కింద వత్తులకు, పైన గుడులకు చోటు కావాలి. రెండు లైన్లు వేస్తే మధ్య ఖాళీ ఇంకాస్త పెంచండి, పై లైను వత్తులు కింది లైను గుడుల మీద కూర్చోకుండా.

లక్ష్మి అని రాయాలా, లక్ష్మీ అని రాయాలా అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఏది శుద్ధమో మేం తేల్చలేం, తేల్చకూడదు కూడా. ఆ మనిషి తన పేరు తెలుగులో ఎలా రాసుకుంటారో, ఆ చేతిరాత ఫోటో ఒకటి తీసి ఆర్డర్‌తో పాటు పంపండి.