కాసులో రాగి వాటా

అమ్మమ్మ ఇనప్పెట్టెలోంచో, తెగిపోయిన కాసులపేరులోంచో ఒక కాసు చేతికొస్తుంది. ఒకవైపు గడ్డం రాజు, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపుతున్న వీరుడు. వెంటనే రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది అసలుదేనా? చింతపండు పెట్టి తోమొచ్చా? రెండోదానికి జవాబు: తోమొద్దు. ఎందుకు తోమకూడదో, మొదటిదానికి ఇంట్లోనే జవాబు ఎలా రాబట్టాలో చెప్పేది మాత్రం ఒక్కటే. అందులో పన్నెండో వంతు ఉన్న రాగి.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ సవరిన్. బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, 22 క్యారట్లు. 'కాసు బంగారం' అంటే ఎనిమిది గ్రాములని మనం లెక్కేసేది దీన్నిబట్టే. రాగి లేని మేలిమి బంగారంతో కొడితే రాజు ముక్కు త్వరగా అరిగిపోతుంది. రాగి పరమాణువు బంగారం పరమాణువు కన్నా చిన్నది. అది మధ్యలో దూరితే పొరలు ఒకదానిమీద ఒకటి జారడం కష్టమవుతుంది, లోహం గట్టిపడుతుంది. ఆ ఎర్రటి ఛాయా రాగిదే.

ఇక పరీక్ష. బంగారం సాంద్రత 19.32, రాగిది 8.96. పదకొండు వంతులకు ఒక వంతు చొప్పున కలిపితే లెక్క ప్రకారం 17.6 చుట్టుపక్కల వస్తుంది. రాగికి బదులు వెండి కలిపి ఉంటే 18 దాకా పోతుంది. ఇది కొలవడానికి 0.01 గ్రాము చూపించే జేబు కాటా, చిన్న ప్లాస్టిక్ గ్లాసు, సన్నని నైలాన్ దారం చాలు.

పొడి కాసును ముందు తూచి రాసుకోండి. గ్లాసులో సగానికి నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. కాసుకు పార్శిల్ కట్టినట్టు అడ్డంగా, నిలువుగా దారం కట్టి, పైన అడ్డంగా పెట్టిన పుల్లకు వేలాడదీసి నీళ్లలో పూర్తిగా ముంచండి. చేత్తో పట్టుకుంటే చెయ్యి వణికి అంకె నిలవదు. కాసు గ్లాసు అడుగునూ గోడనూ తాకకూడదు. ఇప్పుడు కాటా చూపించేది కాసు బరువు కాదు, అది పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి అంకెను దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది.

బళ్లో ఆర్కిమెడిస్ సూత్రం చెప్పేటప్పుడు 'వస్తువు కోల్పోయిన బరువు' అని బట్టీ పట్టిస్తారు. పోయిన బరువు ఎక్కడికి పోయిందని ఒక్క పిల్లవాడూ అడగడు. ఇదిగో, కాటా మీద తేలింది! నీరు కాసును ఎంత బలంతో పైకి నెడుతుందో, కాసు నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది.

అసలు సవరిన్ అయితే 0.45 గ్రాములు రావాలి. 7.98ని 0.45తో భాగిస్తే 17.7. అంకె 0.46 అయితే 17.3, 0.44 అయితే 18.1. అంటే ఈ కాటాతో ఒక్క అంకె అటూఇటూ అయినా జవాబు ఇంత మారుతుంది. 18 క్యారట్లదైతే 0.52 దాకా వస్తుంది కాబట్టి పట్టుబడుతుంది. 21 క్యారట్లది 0.47. దాన్ని 22 నుంచి విడదీయాలంటే 0.001 గ్రాము కాటా కావాలి. 3.4 గ్రాముల వరహాకైతే ఈ జేబు కాటా పనికిరాదు. అది నెట్టే నీరు 0.2 గ్రాములకు లోపే. అక్కడ 0.01 తప్పు అంటే నూటికి ఐదు వంతుల తప్పు.

తప్పు ఎక్కడ దూరుతుంది? మొదటిది బుడగ. 2.7 మిల్లీమీటర్ల బుడగ ఒకటి కాసుకు అంటుకుంటే అంకె 0.01 పెరుగుతుంది, అసలు కాసు నకిలీలా కనిపిస్తుంది. రెండోది దారం. అర మిల్లీమీటరు నూలు దారమైతే నీటి తలతన్యత దాన్ని కిందికి లాగుతుంది. ఆ మేరకు దారం నీటిని పైకి లాగి, కాటా మీద 0.01 గ్రాము తగ్గిస్తుంది. అప్పుడు నకిలీ అసలులా కనిపించవచ్చు. నైలాన్ దారం 0.1 మిల్లీమీటరుదైతే ఆ తేడా 0.002 మాత్రమే. నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేస్తే బుడగా తగ్గుతుంది, తలతన్యతా తగ్గుతుంది. ఐదుసార్లు కొలవండి.

అదే కొలతల్లో పూత పూసిన వెండి కాసు చేస్తే 4.8 గ్రాములే తూగుతుంది, సీసమైతే 5.1. బరువు సరిపెట్టాలంటే మందం పెంచాలి, అప్పుడు కొలతకు దొరుకుతుంది. టంగ్‌స్టన్ సాంద్రత 19.25. మేలిమి బంగారు కడ్డీల్లో అది మోసం చేయగలదు కానీ 22 క్యారట్ల కాసుకు బరువెక్కువవుతుంది. ఆ తేడా తెచ్చిపెట్టింది రాగే. 19వ శతాబ్దంలో ప్లాటినం బంగారం కన్నా చౌక కాబట్టి దానితో సవరిన్లకు నకిలీలు చేసేవారు. అయస్కాంతం పెట్టి చూడటం దండగ. రాగి, వెండి, సీసం దేనికీ అది అంటుకోదు.

అయితే నీళ్లు చెప్పేది లోహం సంగతే, టంకశాల సంగతి కాదు. 20వ శతాబ్దం మధ్యలో లెబనాన్‌లోని బీరూట్‌లో నిజం బంగారంతోనే నకిలీ సవరిన్లు కొట్టారు. మన కంసాలులు కాసులపేరు కోసం చేసిన కాసులూ ఉన్నాయి. అక్కడ భూతద్దం కావాలి. బొరుసు వైపు నేలగీత మీద, సంవత్సరం అంకెకు పైన చిన్న ఇంగ్లీషు అక్షరం చూడండి. ఎం మెల్‌బోర్న్, ఎస్ సిడ్నీ, పి పెర్త్, ఐ బొంబాయి. బొంబాయిలో సవరిన్లు కొట్టింది 1918లో మాత్రమే. లండన్ కాసు మీద అక్షరం ఉండదు, కానీ 1918 నుంచి 1924 వరకు సంవత్సరాలతో లండన్ సవరిన్లు లేవు. కాబట్టి 1918 అని ఉండి అక్షరం లేకపోతే అనుమానించాల్సిందే.

దుకాణంలో గీటురాయి మీద గీయనివ్వకండి. ఆ గీటుతో అంచు పోతుంది. ఎక్స్‌రేతో వన్నె కొలిచే క్యారట్ మీటరులో పెట్టించండి, గీత పడదు. కానీ దాని చూపు పైనున్న కొన్ని మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకానే. కాసును ఎప్పుడో వేడిచేసి ఆమ్లంలో వేసి ఉంటే పైపొరలో రాగి కరిగిపోయి వన్నె ఎక్కువ చూపిస్తుంది. పూత ఉన్నా అంతే. మీటరు చర్మం చూస్తుంది, నీళ్లు ఒళ్లంతా చూస్తాయి. రెండూ ఒప్పుకుంటేనే నమ్మాలి.

చింతపండు దగ్గరికొద్దాం. బంగారాన్ని అది ఏమీ చేయలేదు. దాని టార్టారిక్ ఆమ్లం కరిగించేది పైన పట్టిన రాగి ఆక్సైడును. వందేళ్ల ఛాయ పోయి కాసు ఉతికిన గుడ్డలా అవుతుంది, సేకరించేవాళ్లు చూడగానే పట్టేస్తారు. టూత్‌పేస్టు ఇంకా ఘోరం, అందులోని సున్నపురాయి పొడి గీతలు పెడుతుంది. రెండు ముఖాల మీదా ఒక్కో మైక్రాను అరిగితే పోయేది 0.013 గ్రాము. బ్రిటిష్ చట్టం ప్రకారం సవరిన్ చెల్లుబాటుకు కనీస బరువు 7.938. అంటే సమంగా నాలుగు మైక్రాన్లు అరిగితే చెల్లని కాసే. ఎర్రటి చుక్కలు కనిపిస్తే కంగారొద్దు. రాగి సరిగా కలవని చోట అలా వస్తాయి, వదిలేయండి.

వరలక్ష్మీ వ్రతాల పసుపు పట్టేసిందా? పసుపు రంగు నీటిలో కరగదు, అసిటోన్‌లో కరుగుతుంది. గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి పది నిమిషాలు ఉంచి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, మెత్తని గుడ్డ మీద అద్దండి. రుద్దొద్దు. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో దీపం ఉండకూడదు. గోళ్ల రంగు తీసే ద్రవం వాడొద్దు, అందులో నూనెలు, రంగులు ఉంటాయి.

పూజగదిలో పాదరస లింగం ఉంటే కాసును అక్కడ పెట్టకండి. 'లింగం బంగారాన్ని మింగుతుంది' అని మహిమగా చెబుతారు. మహిమేం లేదు, పాదరసం తగిలిన బంగారం మిశ్రమమై తెల్లబడుతుంది. ఆ తెలుపు పోగొట్టాలని పొయ్యి మీద పెట్టడం ప్రమాదం, వచ్చేది విషపు ఆవిరి.

దాచడానికి మెత్తటి పీవీసీ సంచులు వద్దు. కాలం గడిచేకొద్దీ వాటిలోంచి ఆమ్లం ఊరి రాగిని తిని, ఆకుపచ్చ జిగురు మిగులుస్తుంది. రబ్బరు బ్యాండులోనూ ఉన్నిగుడ్డలోనూ గంధకం ఉంటుంది, అది కూడా రాగినే పట్టుకుంటుంది. 22 మిల్లీమీటర్ల గట్టి అక్రిలిక్ డబ్బా, పక్కన సిలికా జెల్ పొట్లం చాలు. కాసును అంచులతోనే పట్టుకోండి. కాసులపేరు నుంచి విడిపోయినదానికి కొక్కెం మిగిలి ఉంటే టంకం వేడిచేసి తీయించకండి. దాంతోనే ఉంచి, ఆ బరువు కలిసిందని రాసిపెట్టండి. సాంద్రత కూడా టంకం వల్ల కొంచెం తగ్గి కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న కూతురికి ఇచ్చి పంపాలనుకుంటే కాసు మీది సంవత్సరం చూడండి. వందేళ్లు నిండిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థలకూ తప్ప ఎవరికీ కుదరదు. 1911 కాసు ఎంత మీ అమ్మమ్మదైనా ఈ చట్టం వర్తిస్తుంది.