చెరకు తోటల బంగళాలు: అపోహలు - వాస్తవాలు

న్యూ ఆర్లీన్స్ నుంచి మిస్సిసిపీ నది వెంట ఎగువకు వెళితే గంటలోపే లూసియానా చెరకు తోటల పాత బంగళాలు మొదలవుతాయి. వాటిని చూపించడం నా వృత్తి. టెక్సస్ వైపు నుంచి వచ్చే తెలుగు కుటుంబాల నోట కొన్ని మాటలు తరచుగా వింటాను.

అపోహ: బంగళా అందమే ఇక్కడ చూడవలసింది.

వాస్తవం: ఓక్ ఆలీ అనే తోటలో 28 ఓక్ చెట్ల కింద ఫొటో దిగనివారు ఉండరు. ఆ వెనుక ఉన్న బంగళాను 1830ల చివర్లో కట్టింది బానిసలు. ఆంట్వాన్ అనే తోటమాలి అక్కడే బానిసగా ఉండేవారు. 1840లలో పెకాన్ (అక్రోటు లాంటి కాయ) చెట్లకు అంటుకట్టి, చేత్తో ఒలిచేంత పల్చని పెంకుగల కాయలు కాయించారు. అంతకుముందు ఒక వైద్యుడు ప్రయత్నించి విఫలమైన పని అది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ రకానికి బహుమతి వచ్చింది. ఆంట్వాన్ పేరు మనకు దొరికేది తోట ఆస్తుల జాబితాలో, ధరతో సహా. అక్కడికి వెళ్లి ఈ మనిషి గురించి వినకుండా తిరిగి రావడం నాకు అన్యాయమనిపిస్తుంది.

అపోహ: బానిసల గురించి చెప్పడానికి ఆధారాలు మిగలలేదు.

వాస్తవం: యజమానులే రాసిపెట్టుకున్నారు: పేరు, వయసు, నైపుణ్యం, వెల. చరిత్రకారిణి గ్వెండొలిన్ మిడ్లో హాల్ అలాంటి పత్రాల నుంచి సేకరించిన లక్షకు పైగా పేర్లను 2014లో తెరిచిన విట్నీ ప్లాంటేషన్ (పాత చెరకు తోట) మ్యూజియం రాతి పలకలపై చెక్కించింది. ఒకే ప్లాంటేషన్ చూసే సమయం ఉంటే అక్కడికే వెళ్లండి.

అపోహ: దయగల యజమానులూ ఉండేవారు కదా!

వాస్తవం: దయగలవాడైనా మనుషులను అమ్మాడు, తాకట్టు పెట్టాడు. పైగా చెరకు ఆగదు. నరికిన గడను వెంటనే ఆడకపోతే రసం పాడవుతుంది. అందుకే శీతాకాలం ముందు నెలల్లో గానుగలు రాత్రింబవళ్లు తిరిగేవి. నిద్రలేని చేతులు రోలర్లలో నలిగేవి, మరిగే పాకంతో ఒళ్లు కాలేది.

అపోహ: 1865లో బానిసత్వం రద్దుతో అంతా ముగిసింది.

వాస్తవం: చట్టం మారింది, తోట మారలేదు. చాలాచోట్ల కూలి డబ్బుగా కాక, తోట యజమాని దుకాణంలోనే చెల్లే చీటీలుగా ఇచ్చేవారు. ఆ పద్ధతి ఆపమని, కూలి పెంచమని 1887లో సమ్మె చేసిన నల్లజాతి కూలీలను లూసియానాలోని థిబొడో పట్టణంలో కాల్చి చంపారు.

టికెట్ కొనే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఎంతమందిని బానిసలుగా ఉంచారు? వాళ్లు ఎక్కడ నివసించారు? ఎక్కడ పూడ్చారు? జవాబు రాకపోతే మరో చోటుకు వెళ్లండి.