బెంగాల్ కెమికల్స్ అమ్మకం: వివాదానికి ముందున్న చరిత్ర

2016 డిసెంబరు 28న కేంద్ర మంత్రివర్గం నాలుగు ప్రభుత్వరంగ ఔషధ సంస్థల భవితవ్యాన్ని ఒకేసారి తేల్చింది. మిగులు భూములమ్మి అప్పులు తీర్చాక ఐడీపీఎల్‌ను, రాజస్థాన్ డ్రగ్స్‌ను మూసివేయాలని, హిందుస్థాన్ యాంటీబయాటిక్స్‌ను, బెంగాల్ కెమికల్స్‌ను విక్రయించాలని నిర్ణయించింది. వీటిలో బాలానగర్ ఐడీపీఎల్ తెలుగువారికి చిరపరిచితమే. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి తరువాత రెడ్డీస్ ల్యాబ్స్‌ను స్థాపించారు. బెంగాల్ కెమికల్స్ చరిత్ర ఐడీపీఎల్ కన్నా దాదాపు ఏడు దశాబ్దాలు పాతది. దాని కార్మికులు ఈ నిర్ణయంపై న్యాయస్థానానికి ఎందుకు వెళ్లారో తెలియాలంటే దాని స్థాపకుడు, రసాయనశాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ జీవితం తెలియాలి.

రాయ్ 1861 ఆగస్టు 2న, నేటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతపు రారులి గ్రామంలో, చదువుపై మక్కువ గల జమీందారీ కుటుంబంలో పుట్టారు. గిల్‌క్రైస్ట్ ఉపకారవేతనంతో ఎడిన్‌బరో వెళ్లి, 1887లో రసాయనశాస్త్రంలో డాక్టర్ ఆఫ్ సైన్స్ (డీఎస్సీ) పట్టా పొందారు. అక్కడ విద్యార్థిగా ఉండగానే, సిపాయిల తిరుగుబాటుకు ముందూ తరువాతా భారతదేశ పరిస్థితిని వివరిస్తూ, ఆంగ్ల పాలనను విమర్శించే వ్యాసం రాశారు. అంతటి విద్వాంసుడు స్వదేశానికి తిరిగి వచ్చాక దాదాపు ఏడాదిపాటు ఉద్యోగం కోసం ఎదురుచూశారు. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల తాత్కాలిక కొలువు దొరికింది. విద్యాశాఖలోని ఉన్నత శ్రేణి పదవులు ఆచరణలో ఆంగ్లేయులకే దక్కేవి. ఈ వివక్ష గురించి ఆయన ప్రశ్నించినప్పుడు, జీవితంలో వేరే దారులున్నాయని, ఈ ఉద్యోగం చేయమని ఎవరూ బలవంతపెట్టడం లేదని పై అధికారి బదులిచ్చాడు.

ఆయన ఉద్యోగం వదలకుండానే వేరే దారి కూడా వేశారు. చదువుకున్న యువకులు గుమాస్తా కొలువుల కోసం క్యూ కడుతుంటే, మందులన్నీ ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగుమతి కావడం ఆయనను కలచివేసింది. 1892లో వెయ్యి రూపాయలకు కూడా చేరని పెట్టుబడితో, కలకత్తాలోని 91, అప్పర్ సర్క్యులర్ రోడ్డులో తానుంటున్న అద్దె ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టారు. అదే బెంగాల్ కెమికల్స్‌కు నాంది. సోడియం ఫాస్ఫేట్ కోసం కసాయివారి దగ్గర పశువుల ఎముకలు కొని మేడమీద ఆరబెడితే, అకాల వర్షానికి వాటికి అంటుకున్న మాంసం కుళ్లి, కాకులు ఆ ముక్కలను ఇరుగుపొరుగు ఇళ్లలో పడవేయడంతో గొడవ మొదలైంది. ఎముకలను ఊరిచివర మానిక్‌తలాకు తరలించి కాల్చారు. రాత్రివేళ మంటలు చూసిన పోలీసులు ఎవరి శవాన్నో రహస్యంగా దహనం చేస్తున్నారని అనుమానించి వచ్చారు. ఆ బూడిదను గంధకామ్లంతోనూ ఆపై సోడాతోనూ చర్య జరిపించి ఆయన మందు తయారుచేశారు. మిత్రుడు డాక్టర్ అమూల్య చరణ్ బోస్ ఈ స్వదేశీ మందులను తోటి వైద్యులకు పరిచయం చేసి, వాసాక (అడ్డసరం), కాల్‌మేఘ్ (నేలవేము) వంటి దేశీయ మూలికల వైపు సంస్థను నడిపించారు. 1898లో ప్లేగు బోస్‌ను బలితీసుకుంది. అయినా సంస్థ ఆగలేదు. 1901లో అది లిమిటెడ్ కంపెనీ అయింది, 1905లో మానిక్‌తలాలో కర్మాగారం వెలిసింది. రాయ్ మందుల తయారీ మొదలుపెట్టిన మరుసటి ఏడాదే, 1893లో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారని గుర్తుచేసుకోవడం సముచితం.

పరిశోధననూ ఆయన వదలలేదు. 1896లో మెర్క్యురస్ నైట్రైట్ అనే పాదరస సమ్మేళనంపై పరిశోధన ప్రకటించారు. ప్రాచీన హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా రాశారు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీకి తొలి అధ్యక్షులయ్యారు. 1922లో ఉత్తర బెంగాల్ వరదల సహాయ కార్యక్రమాన్ని ముందుండి నడిపించారు. అవివాహితుడిగా, ఖద్దరు ధరించి, కలకత్తా సైన్స్ కళాశాలలోని చిన్న గదిలో జీవిస్తూ, 60 ఏళ్లు నిండిన నాటి నుంచి తన జీతాన్ని విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశారు. 1944 జూన్ 16న ఆ గదిలోనే కన్నుమూశారు.

స్వాతంత్ర్యం తరువాత సంస్థ క్రమంగా నష్టాల్లో కూరుకుపోయింది. 1977లో ప్రభుత్వం యాజమాన్యాన్ని తన చేతుల్లోకి తీసుకుని, 1980లో జాతీయం చేసింది. 1993లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటితమైంది. అమ్మకాన్ని సమర్థించేవారు ఈ నష్టాలను చూపడంలో తప్పు లేదు. అయితే అమ్మాలని నిర్ణయించిన 2016-17లోనే, దశాబ్దాల తరువాత, సంస్థ లాభాల్లోకి వచ్చిందన్నదీ అంతే నిజం. 2018లో కలకత్తా హైకోర్టు విక్రయ నిర్ణయాన్ని కొట్టివేసింది. 2020లో కొవిడ్ భయంతో మలేరియా మందులకు గిరాకీ పెరిగినప్పుడు, క్లోరోక్విన్ తయారీ అనుభవమున్న బెంగాల్ కెమికల్స్ పేరు మళ్లీ పత్రికలకెక్కింది. ఆ మందులు కొవిడ్‌కు పనిచేయవని తరువాత తేలినా, దిగుమతుల మీద ఆధారపడని ఔషధ తయారీ ప్రభుత్వం చేతిలో ఉండాలా అన్న ప్రశ్న మాత్రం మళ్లీ ముందుకొచ్చింది. అమ్మకంపై నిర్ణయం తీసుకునేవారు భూముల ధరతో పాటు దానికీ జవాబు చెప్పాల్సి ఉంటుంది.