పాల లెక్క, ఆబ్జెక్టుల గోల: ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఉత్తరం

భవానీ నగర్, తిరుపతి

పిల్లలూ,

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మీ ఓఓపీ, అదే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, నోట్సు తిరగేశాను. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఏందిరా అని అడిగితే, డేటానూ, మెథడ్లనూ అంటే ఆ డేటా మీద పనిచేసే ఫంక్షన్లనూ, ఒకే యూనిట్‌గా చుట్టడం అని ఇద్దరూ ఒక్క గుక్కలో అప్పజెప్పారు. సరే, ఎందుకు చుట్టాలి, చుట్టకపోతే ఏం కొంప మునుగుతుంది అని అడిగేసరికి మాత్రం ఇద్దరూ మీ అమ్మ వైపు చూశారు. ఇంటినిండా చుట్టాలున్నారని ఆరోజు ఊరుకున్నాను గానీ నాకు మనసులో అదే తిరుగుతోంది. ఫోన్లో చెబితే మీరు స్పీకర్ పెట్టి పక్కన ఇంకేదో చూస్తారు, అందుకే రాస్తున్నా.

మీ పుస్తకంలో జంతువు ఒక క్లాసు (క్లాసు అంటే అచ్చు, దాన్నుంచి పోసిన ఒక్కో బొమ్మ ఆబ్జెక్టు), దాని కింద కుక్క, పిల్లి, అవి అరిస్తే భౌ, మ్యావ్. ఇరవై ఏళ్ల పైన ప్రోగ్రాములు రాశాను, ఏనాడూ కుక్కను అరిపించే పని ఎవరూ నాకు ఇవ్వలేదు. పాల లెక్క రాయమన్నారు. అదే చెబుతాను.

పలమనేరు వైపు ఒక పాల కేంద్రానికి సి ప్లస్ ప్లస్‌లో బిల్లుల ప్రోగ్రాం రాశాను. పొద్దునా సాయంత్రం జనం పాలు తెచ్చి పోస్తారు, మిషన్ వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ అంటే వెన్న కాని గట్టి పదార్థం శాతం చూపిస్తుంది, దాన్నిబట్టి రేటు, పదిహేను రోజులకు ఒకసారి బిల్లు. ఆవులకు అప్పు మీద తీసుకున్న దాణా బాకీని ఆ బిల్లులోంచి కోస్తారు. నేను బాకీ అనే వేరియబుల్‌ని పబ్లిక్‌గా పెట్టేశాను, ప్రోగ్రాంలో ఎవరికి కావాలంటే వాళ్లు మార్చుకునేలా. అప్పట్లో అది సౌకర్యం అనిపించింది. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది, గుమాస్తా బిల్లును రెండోసారి ప్రింట్ కొట్టాడు, మూడోసారి కూడా కొట్టాడు. ప్రింట్ కొట్టే ఫంక్షన్‌లో కోత కూడా నేనే రాసిపెట్టాను కదా, కొట్టిన ప్రతిసారీ దాణా డబ్బులు మళ్లీ కోసింది. ఒక పెద్దామె కాగితం చేతిలో పట్టుకుని కేంద్రం గుమ్మంలో నిలబడి, "పాలు పోసిందీ నేనే, మీకు బాకీ పడిందీ నేనేనా నాయనా?" అని అడిగింది. పదిహేను రోజుల పాలకు ఆమె బిల్లు మైనస్‌లో వచ్చింది మరి. ఆ సాయంత్రం కూర్చుని వెతికితే బాకీని మార్చే చోట్లు పదకొండు తేలాయి, ఏ చోటు ఎందుకు మారుస్తోందో రాసిన నాకే చప్పున గుర్తు రాలేదు.

తర్వాత ఏం చేశానంటే, బాకీని ప్రైవేట్ చేసి, ఖాతా అనే క్లాసులో దాన్ని తాకే దారి ఒక్కటే ఉంచాను: ఈ బిల్లు నంబరు కింద ఇంత కొయ్యి అని అడగాలి. ఆ నంబరు మీద ముందే కోసి ఉంటే ఖాతానే కోయనంటుంది. ఇక గుమాస్తా యాభైసార్లు ప్రింట్ కొట్టుకున్నా ఆమె పాల డబ్బు ఆమెదే. చుట్టడం అంటే ఇది. తప్పు లెక్క లోపలికి దూరే సందు లేకుండా కాపలా కాసే బాధ్యత డేటా పక్కనే ఉండాలి.

మీరేం చేస్తున్నారంటే, వేరియబుల్‌ని ప్రైవేట్ చేసి కిందే గెట్ బాకీ, సెట్ బాకీ అని రెండు మెథడ్లు పెట్టి, ఎన్‌క్యాప్సులేషన్ అయిపోయిందని టిక్కు పెడుతున్నారు. అది తలుపుకి తాళం వేసి తాళంచెవి ఆ తలుపుకే వేలాడదీయడం. బయటివాడు బాకీ తీసుకుని, తన ఇష్టమొచ్చినట్టు లెక్కేసి, మళ్లీ లోపల పెట్టేస్తే ఖాతా ఎందుకు మధ్యలో? పని ఖాతాకే చెప్పాలి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న పేరు పెట్టిన అలన్ కే కూడా తర్వాత, 1998లో, ఆబ్జెక్ట్ అనే మాట పెట్టి తప్పు చేశాననీ, జనం దాన్నే పట్టుకున్నారనీ, తన అసలు ఉద్దేశం మెసేజులు, అంటే ఒకదానికొకటి పని చెప్పుకోవడం అనీ అన్నాడు.

ఈ ఆలోచన పుట్టింది కూడా క్యూల లెక్కల్లోనే అని తెలిస్తే మన తిరుపతివాళ్లకు నవ్వొస్తుంది. నార్వేలో, ఓస్లోలో, డాల్, నైగార్డ్ అని ఇద్దరు 1960లలో సిమ్యులా అనే భాష చేశారు. జనం ఎలా వస్తారు, కౌంటర్ దగ్గర ఎంతసేపు ఆగుతారు, ఎక్కడ ఇరుక్కుంటారు, ఇలాంటివి కంప్యూటర్‌లో నడిపి చూడటానికి. కొండమీద కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న జనాన్ని తలుచుకోండి. ప్రతి మనిషికీ తన టోకెన్, తను వచ్చిన టైము, తన ఓపిక ఉంటాయి, ఒకరి లెక్క ఇంకొకరితో కలవదు. అందరినీ ఒకే పెద్ద పట్టికలో కుక్కి నడపడం కష్టమై, ఎవరి సంగతి వాళ్ల దగ్గరే ఉంచితే పోలా అనుకున్నారు. సిమ్యులా 67లో క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసులో ఉన్నవి దాని కింది క్లాసుకు రావడం) అన్నీ ఉన్నాయి. మీరు నేర్చుకునే జావా భాష వచ్చింది 1995లో, మీరు దాన్నే మొదలనుకుంటున్నారు.

ఇన్‌హెరిటెన్స్ దగ్గర నేను ఇంకోసారి బొక్కబోర్లా పడ్డాను. సభ్యుడు అనే క్లాసు ఉంది, పేరు, ఖాతా, పాలు పోసే మెథడ్. రెండు పల్లెల నుంచి క్యాన్లు తెచ్చే ఏజెంట్ కూడా పాలు పోస్తాడు కదా, టైపింగ్ తగ్గుతుందని ఏజెంట్‌ని సభ్యుడి కింద పెట్టేశాను. ఏడాది చివర సభ్యులందరికీ లీటరు లెక్కన బోనస్ వేసే లూప్ రాశారు. ఏజెంట్ తెచ్చినవన్నీ ఊళ్లోవాళ్ల పాలు, బోనస్ మాత్రం ఆయన ఖాతాలో పడింది. పాపం, ఆయనే వచ్చి చెప్పాడు, ఇదేంది సార్ నాకెందుకు వచ్చింది అని. ప్రోగ్రాం దృష్టిలో తప్పేం లేదు, ఏజెంటూ సభ్యుడే అని నేనే చెప్పాను. తండ్రి క్లాసు నిలబడే ప్రతిచోటా పిల్ల క్లాసు కూడా ఎవరినీ మోసం చేయకుండా నిలబడాలి, దీన్నే బార్బరా లిస్కోవ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పేరు మీద చెబుతారు. ఏజెంట్‌కు ఖాతా ఉంటుంది, అంతమాత్రాన సభ్యుడైపోడు. ఖాతాను ఏజెంట్ లోపల ఒక ఫీల్డుగా పెట్టుకుంటే సరిపోయేది. కోడ్ మిగుల్తుందని చుట్టరికం కలుపుకోవద్దు.

పాలిమార్ఫిజం, అంటే ఒకే ప్రశ్నకు ఒక్కో ఆబ్జెక్టు తన తీరులో జవాబివ్వడం, చిన్న సంగతే. ఆవు పాలయితే ఈ రేటు, ఎనుము పాలయితే ఆ రేటు అని ఇఫ్ ఎల్స్ ఏడు చోట్ల రాస్తే, రేటు పద్ధతి మారినప్పుడు ఆరు చోట్ల దిద్ది ఏడోది మర్చిపోతారు. నీ రేటు ఎంత అని పాలనే అడిగేలా రాస్తే ఆ గొడవ ఉండదు. ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసుకూ ఇంటర్‌ఫేసుకూ తేడాలు పరీక్ష కోసం బట్టీ కొట్టుకోండి, వద్దనను.

పరీక్షలో అడగకపోయినా ల్యాబులో ఏడిపించేది ఇంకోటుంది. జావాలో ఒక ఆబ్జెక్టును ఇంకో వేరియబుల్‌లో వేస్తే జిరాక్స్ రాదు, ఒకే పాస్‌బుక్కును ఇద్దరు పట్టుకున్నట్టు, ఒకరు కొట్టేస్తే ఇద్దరికీ కొట్టేసినట్టే. అలాగే రెండు ఈక్వల్స్ గుర్తులు వేసి పోల్చితే అది లోపలి విలువను చూడదు, ఇద్దరి చేతిలో ఉన్నది అదే పుస్తకమా అని చూస్తుంది. నమ్మకపోతే రెండు ఇంటీజర్ ఆబ్జెక్టుల్లో, ఇంట్ కాదు, పెద్ద ఐతో మొదలయ్యే ఇంటీజర్, మామూలుగా 127 వేసి పోల్చండి, సమానం అంటుంది. 128 వేయండి, కాదంటుంది. మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న అంకెలకు జావా ముందే ఆబ్జెక్టులు చేసి పెట్టుకుని వాటినే అందరికీ ఇస్తుంది, ఆపైన మామూలుగా ఎవరి పుస్తకం వాళ్లకి. విలువ కావాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడండి. నేను దీనిమీద ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను, మీ పెద్దమ్మను అడగండి.

ఈసారి వచ్చేలోపు ఒక్కటి రాయండి. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సు, నలభై సీట్లు, బుకింగు, రద్దు. స్క్రీన్, మెనూ ఏమీ వద్దు. రాసినవాళ్లు కోడ్ రెండోవాళ్లకి ఇవ్వాలి, ఆ రెండోవాళ్లు బస్సు క్లాసు ముట్టుకోకుండా బయట నుంచే నలభై ఒకటో టికెట్ అమ్మడానికి ప్రయత్నించాలి, రద్దయిన టికెట్‌ను ఇంకోసారి రద్దు చేసి డబ్బు రెండుసార్లు రాబట్టాలి. రాబడితే గెలిచినవాళ్లకు టిఫిన్ నాది, ఓడినవాళ్లు ఆ క్లాసును నా ముందు కూర్చుని దిద్దాలి.

వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జరు కూడా తెచ్చుకోండి, పోయినసారి నాది రెండు రోజులు మీ దగ్గరే ఉంది.

మీ పెద్దనాన్న