సైకిల్‌కు కూడా ప్రవేశం లేని అడవులు

అమెరికాలో ‘వైల్డర్‌నెస్’గా, అంటే రోడ్లూ కట్టడాలూ లేకుండా వదిలేయాల్సిన చోటుగా ప్రకటించిన కొండ అడవుల్లోకి నడిచి వెళ్లొచ్చు, గుర్రం మీద వెళ్లొచ్చు. సైకిల్ మాత్రం నిషేధం. కాలిబాటకు అడ్డంగా చెట్టు పడితే సిబ్బంది కూడా మామూలుగా ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగే రంపంతోనే కోస్తారు. చాదస్తంలా కనిపించే ఈ నిబంధన వెనక వందేళ్ల తగాదా ఉంది.

1919లో అక్కడి అటవీ శాఖ ఆర్థర్ కార్‌హార్ట్ అనే ఉద్యోగిని కొలరాడోలోని ట్రాపర్స్ లేక్‌కు పంపింది. సరస్సు చుట్టూ రోడ్డుకు, వేసవి ఇళ్లకు స్థలాలు గుర్తించి రావాలి. ఆయన సర్వే చేసి, ఇక్కడ ఏమీ కట్టకపోవడమే మేలని చెప్పాడు. ఆశ్చర్యం, పైవాళ్లు విన్నారు!

అదే శాఖలో ఆల్డో లియోపోల్డ్‌దీ ఇదే బెంగ. కార్లు పెరుగుతున్నాయి, ప్రతి లోయలోకీ రోడ్డు పడుతోంది. రెండు వారాల పాటు గుర్రాల మీద సామానుతో తిరిగినా రోడ్డు తగలనంత అడవి కొంతైనా మిగలాలని 1921లో రాశాడు. ఆయన పట్టు వల్ల 1924లో న్యూ మెక్సికోలోని గిలా అడవిలో సుమారు ఏడున్నర లక్షల ఎకరాలను అలా వదిలేశారు. నిర్మానుష్యమని మురిసిపోయిన ఆ చోటు అంతకుముందు అపాచీ ఆదివాసుల నేల. ఆ సంగతి మాత్రం ఈ కథ చెప్పేవాళ్లు తరచూ దాటేస్తారు.

శాఖ ఇచ్చిన ఉత్తర్వును శాఖే సడలించుకోవచ్చు. 1930ల మొదట్లో గిలా మధ్యలోంచి రోడ్డు వేయనే వేశారు. అందుకే చట్టమే కావాలన్న ఉద్యమం వచ్చింది. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన హోవర్డ్ జానైజర్ బిల్లును అరవైకి పైగా సార్లు తిరగరాశాడు. 1964 మేలో చనిపోయాడు. సెప్టెంబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. మొదట 91 లక్షల ఎకరాలు. ఇప్పుడది 11 కోట్లు దాటింది, అందులో సగానికి పైగా అలాస్కాలోనే.

చట్టం ‘యాంత్రిక రవాణా’ కూడదంది. కొండదారుల్లో తొక్కే సైకిల్ (మౌంటెన్ బైక్) అప్పటికి పుట్టలేదు. అది వచ్చాక, 1984లో అటవీ శాఖ సైకిళ్లూ ఆ మాట కిందికే వస్తాయని తేల్చింది. మోటారే లేనిదాన్ని ఎందుకు ఆపుతారన్న సైక్లిస్టుల ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ ఒకసారి తలుపు తీస్తే ఎలక్ట్రిక్ సైకిళ్ల దగ్గర గీత గీయడం కష్టం. సడలింపు కోరుతూ 2016 నుంచి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో బిల్లులు వచ్చాయి, ఏదీ గట్టెక్కలేదు.