కోత చిన్నదే, పంపు మాత్రం అదే

గర్భిణికి చిన్న కోతతో గుండె ఆపరేషన్, తల్లీబిడ్డా క్షేమం. కొన్నాళ్లకోసారి ఏదో ఒక నగరం నుంచి ఈ వార్త వస్తుంది, వెంటనే పాత తగువు లేస్తుంది. ఇది మా ఘనత అని సర్జన్లు అంటారు. తొడ సిరలోంచి పంపే బెలూన్‌తో ఇరుకైన గుండె కవాటాన్ని విప్పితే పోయేదానికి ఛాతీ కోయడమెందుకని కార్డియాలజిస్టులు అడుగుతారు. రొమ్ము ఎముక జోలికి పోకుండా కుడి పక్కటెముకల మధ్య రెండు మూడు అంగుళాల గాటు పెడతారు. ఫొటోలో కనబడేది అదే. గర్భంలోని బిడ్డకు ఆ గాటు పొడవుతో పనిలేదు. దానికి సంబంధించింది పంపు.

గుండె-ఊపిరితిత్తుల యంత్రాన్ని థియేటర్లో అందరూ పంపు అనే అంటారు. గుండె ఆపి లోపల పని చేసినంతసేపూ తల్లి రక్తాన్ని అదే నడుపుతుంది. అది మొదలయ్యాక నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవలసిన బిడ్డ గుండె తరచు వందలోపుకు పడిపోతుంది. పంపు నడిపే పెర్ఫ్యూజనిస్టు ప్రవాహం పెంచుతారు, తల్లి ఒళ్లు చల్లబడనివ్వరు. గర్భసంచి పెద్ద సిరను నొక్కకుండా ఆమెను ఎడమవైపుకు ఒరిగించి పడుకోబెడతారు. ఇన్ని జాగ్రత్తలతో తల్లులు బతుకుతున్నారు. పిల్లల విషయంలో మాత్రం ప్రచురితమైన లెక్కల్లో నూటికి ఇరవై, ముప్ఫై మరణాలు కనిపిస్తూనే ఉన్నాయి. గాటు చిన్నదైతే పంపు మీద గడిపే సమయం తగ్గదు. సందు ఇరుకు కాబట్టి సాధారణంగా పెరుగుతుంది. ఆస్పత్రుల పత్రికా ప్రకటనల్లో ఈ ముక్క నాకు ఎప్పుడూ కనబడలేదు.

మన దేశంలో ఈ పరిస్థితికి వచ్చే గర్భిణుల్లో ఎక్కువమందికి అసలు జబ్బు చిన్నప్పటి కీళ్లవాత జ్వరం మిగిల్చిన మచ్చ. గుండె ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసింది, ఒకటికి కుంచించుకుపోతుంది. గర్భంతో రక్తం దాదాపు సగం పెరిగేసరికి ఐదో నెలలోనో ఆరో నెలలోనో ఆయాసం మొదలవుతుంది. ఉబ్బసమనుకుని ఇన్‌హేలర్ వాడుతూ వచ్చేవాళ్లూ ఉంటారు.

ఈ తగువులో ముఖ్యమైన సంగతి తేలి ముప్ఫై ఏళ్లు దాటింది. అది తేలింది మన పంజాగుట్టలోనే. నిమ్స్‌లో డాక్టర్ బి. సోమరాజు బృందం అమెరికాలోని డెట్రాయిట్ వైద్యులతో కలిసి రెండు పరీక్షలు చేసింది. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలోనే నిర్ణయించారు. 1991లో వెలువడిన మొదటి పరీక్షలో 40 మంది రోగులు. సగం మందికి బెలూన్, సగం మందికి పంపు అక్కర్లేని పాతకాలపు ఆపరేషన్. ఫలితాలు ఇంచుమించు సమానం. 1994లో వచ్చిన రెండో పరీక్షలో 60 మంది. ఈసారి బెలూన్‌కు పోటీ పంపు మీద చేసే ఓపెన్ హార్ట్ ఆపరేషన్. మూడేళ్ల తర్వాత చూస్తే బెలూన్ వేయించుకున్నవారి కవాటం సగటున 2.4 చదరపు సెంటీమీటర్లు, ఆపరేషన్ చేయించుకున్నవారిది 1.8. పంపు ఎక్కించి, ఛాతీ తెరిచి సాధించింది తొడ దగ్గరి సూదిరంధ్రం నుంచి సాధించిన దానికంటే తక్కువ.

అవి గర్భిణుల కోసం చేసిన పరీక్షలు కావు. కానీ వాటి తర్వాత గర్భిణికి పంపు ఎందుకు అని అడగడానికి గట్టి ఆధారం దొరికింది. 2001లో బ్రెజిల్ వైద్యులు 45 మంది గర్భిణుల లెక్క బయటపెట్టారు. బెలూన్ వేసినచోట శిశుమరణాలు 5 శాతం, ఓపెన్ హార్ట్ చేసినచోట 38.

బెలూన్ పద్ధతి 1982లో జపాన్ సర్జన్ కంజి ఇనౌయే మొదలుపెట్టింది. తొడ సిరలోంచి గొట్టం గుండె కుడి భాగానికి చేరుతుంది, సూదితో మధ్యగోడకు రంధ్రం చేసి ఎడమ భాగంలోకి దాటుతుంది. బెలూన్ ముందు సగం ఉబ్బాక కవాటానికి ఆనేలా వెనక్కి లాగుతారు. వెనుక సగమూ ఉబ్బుతుంది. తెర మీద డమరుకంలా కనిపించే దాని నడుము విచ్చుకుంటే అతుక్కున్న కవాటం రెక్కలు విడిపోయినట్టే. ఇదంతా కొన్ని సెకన్ల పని. కడుపు చుట్టూ సీసపు కవచం ఉంటుంది, తల్లి మెలకువగానే ఉంటుంది. వారాల తరబడి దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయిన మనిషి ఆ రాత్రి వెల్లకిలా పడుకోగలదు.

అంతకుముందు మాత్రం? వేలూరు సీఎంసీలో ఛాతీ ఎడమవైపు తెరిచి, కొట్టుకుంటున్న గుండెలోకి చూపుడువేలు పోనిచ్చి, తడుముకుంటూ కవాటం విడదీసేవారు. అక్కడి డాక్టర్ స్టాన్లీ జాన్ బృందం 1983లో ప్రచురించిన లెక్కలో అలాంటి రోగులు 3,724 మంది. గర్భిణులకూ ఈ ఆపరేషన్ చేసేవారు. ఆ కోత ఇప్పటి చిన్న గాటుకు ఎన్నోరెట్లు పెద్దది. అయినా పంపు లేదు గనుక బిడ్డ పక్షాన చూస్తే తక్కువ గాయం అదే అంటాను.

సర్జన్ల మాటలోనూ నిజముంది. ఎడమ కర్ణికలో, అంటే గుండె ఎడమ పైగదిలో, రక్తం గడ్డకట్టినా, కవాటం సున్నపురాయిలా గట్టిపడినా, బాగా లీకవుతున్నా బెలూన్ కుదరదు. కర్ణికలో మిక్సోమా అనే కణితి ఉంటే దాన్ని తీయక తప్పదు, దానికి చిన్న కోత చాలు. వీలైతే ఆపరేషన్ గర్భం 13 నుంచి 28 వారాల మధ్య చేయాలన్నది ఒప్పుకున్న మాట. 28 దాటితే ముందు సిజేరియన్ చేసి, బిడ్డను పిల్లల డాక్టరు చేతికిచ్చి, అదే బల్ల మీద తల్లి గుండె సంగతి చూడవచ్చు. అప్పుడు పంపు నడిచినా బిడ్డకు దాని ప్రమేయం ఉండదు. గాటు పెద్దదా చిన్నదా అన్నది తల్లి నొప్పికీ మచ్చకూ సంబంధించిన విషయంగా మిగులుతుంది.